కుడికాలి వెనకవేలు

బెర్నిస్ వాలిగోరాకి కోపం ముక్కు మీదే ఉంటుందని మిల్వాకీ దక్షిణపు పేటలో ఎవర్నడిగినా చెబుతారు. ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. తాగి వాగేవాళ్ళని జనవరి మంచులో కూడా మొహమాటం లేకుండా దించేసేది. చేతిలో సంచితో పరిగెత్తుకొచ్చే ముసలమ్మ కోసం మాత్రం బండి ఆపేది, వెనక హారన్లు కొట్టేవాళ్ళని అద్దం దించి కడిగి పారేసేది. రిటైరై పదేళ్ళయినా ఆ గొంతు తగ్గలేదు. పక్కింటివాడు మంచు ఎత్తి ఈమె వాకిట్లోకి పోశాడంటే వీధి చివరిదాకా వినబడుతుంది.

ఇలాంటి మనిషికి పక్షుల పిచ్చి ఎలా పట్టిందంటే, దానికీ బస్సే కారణం. ఆమె రూటులో చివరి స్టాపు సరస్సు ఒడ్డున. అక్కడ పదకొండు నిమిషాలు బండి నిలబెట్టాలి. మిగతా డ్రైవర్లు ఆ పదకొండు నిమిషాల్లో సిగరెట్టు కాల్చుకునేవాళ్ళు, ఓ కునుకు తీసేవాళ్ళు. బెర్నిస్ ముందద్దంలోంచి నీళ్ళకేసి చూస్తూ కూర్చునేది. ఒకసారి ఎవరో ప్రయాణికుడు సీటు మీద బైనాక్యులర్స్ మరిచిపోయాడు. తీసుకెళ్ళి డిపోలో ఇచ్చింది. మూడు నెలలు చూసినా ఎవరూ రాలేదు. "నువ్వే ఉంచుకోవమ్మా" అన్నారు డిపోవాళ్ళు. ఆ రోజుతో తన కొంప మునిగిందంటాడు ఆమె మొగుడు యూజీన్.

బస్సెక్కే గుంపుని ఒక్క చూపులో లెక్కగట్టే కన్ను ఆమెది. అదే కన్ను బాతుల మీద పెట్టింది. రెండు వేల బాతులు ఒక్కసారి లేచినా పదులు పదులుగా పట్టేసేది. ఏటా జనవరి మొదటి శనివారం మా ఊరి పక్షుల లెక్క జరుగుతుంది. తెల్లారి నుంచి సాయంత్రం దాకా డెబ్బై మంది ఊరంతా సెక్షన్లుగా పంచుకుని కనబడ్డ పక్షినల్లా లెక్కపెడతారు. చలి ఎంతైనా సరే, ముక్కులు ఊడిపోయినా సరే, వాయిదా అన్న మాటే లేదు. అందులో హార్బరు సెక్షన్ పదిహేడేళ్ళుగా బెర్నిస్‌దే.

ఆ లెక్కకి పెద్ద హాల్వర్ నెస్. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. అందరూ మాస్టారు అంటారు. డెబ్బై నాలుగేళ్ళు, ఎండిన చేపలాంటి ఒళ్ళు, ఇస్త్రీ పెట్టిన చొక్కా. ఇరవై ఆరేళ్ళుగా ఆ పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. ఆయన రాసింది పక్షి, ఆయన కొట్టేసింది గాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

వాళ్ళిద్దరి పగకి ఎనిమిదేళ్ళు. ఆ ఏడు లెక్క రోజున, హార్బరు గోడ మీద బెర్నిస్‌కి ఒక సీగల్ కనబడింది. ఒళ్ళంతా తెలుపు, మచ్చ లేదు. కాళ్ళు మాత్రం బొగ్గు నలుపు. ఉత్తర ధ్రువం దగ్గర మంచు మీద బతికే పక్షి, మా వైపు జన్మకోసారి కూడా రాదు. నాలుగు నిమిషాలు చూసింది, ఒక్కతే. ఫోనెత్తి హాల్వర్‌కే చెప్పింది. ఆయన మైలు దూరంలో ఉన్నాడు. ఆయాసపడుతూ వచ్చేసరికి పక్షి లేదు. ఆయన కూడా నలభై ఏళ్ళుగా ఆ సీగల్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నవాడే.

ఆ సాయంత్రం అందరి ముందు పుస్తకంలో గీత కొట్టేశాడు. "మామూలు సీగలే. ఎండపొడ మంచు మీద పడి తెల్లగా కనబడి ఉంటుంది" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? ఏటా అచ్చువేసే నివేదికలో ఒక వాక్యం రాశాడు: 'ఒంటరి సాక్షి. ఈ పరిశీలకురాలి కంటిని ఆధారం చేసుకోలేము.' ఆ నివేదిక మా ఊళ్ళోనే కాదు, రాష్ట్రంలో పక్షులు చూసే ప్రతివాడి ఇంటికీ వెళ్తుంది.

పక్షులు చూసేవాళ్ళకి మాట తప్ప మరేం ఉంటుంది? చూశానన్నదే ఆస్తి. అది పోయాక బెర్నిస్ ఏం చెప్పినా జనం మీసాల్లో నవ్వుకోవడం మొదలెట్టారు. సెక్షన్ తీసేయలేదు గానీ, ఆమె వెంట 'రెండో కన్ను' అని ఇంకో మనిషిని పెట్టాడు హాల్వర్. ఆమె నాలుగువందలంటే, ఆయన ఆ రెండో మనిషి వైపు తిరిగి "నాలుగువందలేనా?" అని అడిగి, అప్పుడు రాసుకునేవాడు. ఎనిమిదేళ్ళు, డెబ్బై మంది ముందు, ప్రతి పక్షికీ.

కోపం సంగతి సరే, అది ఆమెకి అలవాటే. లోపల తొలిచింది వేరే. గిన్నెలు కడుగుతూ, మంచు ఎత్తుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. నిజంగానే ఎండపొడేనా? కాళ్ళు నల్లగానే ఉన్నాయా, నీడ పడిందా? ఒకడు నువ్వు చూడలేదు చూడలేదని ఎనిమిదేళ్ళు అంటుంటే రాయైనా అరుగుతుంది. తన కంటి మీద తనకే నమ్మకం పోతోందన్న సంగతి యూజీన్‌కి కూడా చెప్పుకోలేదు. అదొక్కటే ఆమెకి కావాలి. ఆ రోజు తను చూసింది నిజమని, చూడని ఆ మనిషి నోటి నుంచే వినాలి.

ఈసారి లెక్కకి మూడు రోజుల ముందు, బుధవారం, హాల్వర్‌కి అదృష్టం పట్టింది. హార్బరులో పవర్ ప్లాంటు వేడినీళ్ళు సరస్సులో కలిసే చోట మాత్రం చలికాలంలో నీళ్ళు గడ్డకట్టవు. చుట్టూ మైళ్ళకొద్దీ మంచు, ఆ మడుగులో పొగలు కక్కే నీళ్ళు, వాటి మీద వేల బాతులు. అందులో ఒకటి తెల్లగా, ఒంటి మీద సన్నటి నల్లగీతలతో కనబడింది. స్మ్యూ. సైబీరియా వైపు బాతు. మా లెక్కల పుస్తకంలో ఇంతవరకూ లేని పేరు. వార్త పాకింది. మూడు రాష్ట్రాల నుంచి జనం కార్లేసుకొచ్చి గట్టు మీద వరసగా టెలిస్కోపులు పాతారు. హాల్వర్ పెళ్ళికొడుకులా తిరిగాడు.

కానీ పెళ్ళికి ఓ మెలిక ఉంది. స్మ్యూలని సరదాకి దొడ్లో పెంచుకునేవాళ్ళున్నారు. అలా పెంచిన బాతుకి గుర్తుగా పిల్లప్పుడే కుడికాలి వెనకవేలు కోసేస్తారు, లేదా కాలికి రింగు తొడుగుతారు. తప్పించుకొచ్చిన పెంపుడు బాతుకి కోడికున్న విలువ కూడా లేదు, పుస్తకంలో ఎక్కదు. రాష్ట్ర కమిటీ హాల్వర్‌కి ఒక్కటే ప్రశ్న పంపింది: కుడికాలి వెనకవేలు ఉందా? ఆ దిక్కుమాలిన బాతు నీళ్ళలోంచి బయటికి వస్తేగా! మూడు రోజులు ఈదింది, మునిగింది, నీళ్ళ మీదే నిద్రపోయింది. వందల ఫొటోలు తీశారు, ఒక్కదానిలోనూ కాలు లేదు.

శుక్రవారం మధ్యాహ్నం హాల్వర్ ఫోన్ చేశాడు. బెర్నిస్ అప్పుడు పియెరోగీల్లోకి, అంటే పోలిష్ కజ్జికాయల్లోకి, బంగాళదుంప మెదుపుతోంది.

"బెర్నిస్ గారూ, రేపు హార్బరు సెక్షన్ నేను తీసుకుంటాను. మీరు ఉత్తరపు పార్కులు చూడండి."

"ఎందుకట?"

"ముఖ్యమైన పక్షి ఉంది. బాధ్యత గల కళ్ళు కావాలి."

"మాస్టారూ, సెక్షన్ల జాబితా నవంబర్లో మీరే అచ్చేశారు. అందులో నా పేరుంది. మార్చాలంటే మీటింగు పెట్టాలని రూలు కూడా మీరే రాశారు. పెట్టండి మీటింగు. వస్తా."

అవతల ఊపిరి బుసలు కొట్టింది. "ఆ బాతు విషయంలో పొరపాటు జరిగితే..."

"ఆ బాతుని నేనేం కొరుక్కు తినను లెండి" అని పెట్టేసింది.

సోఫాలో మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని పడుకున్న యూజీన్ నవ్వాడు. "ఏమే, బాతు కాలు చూడ్డానికి మూడు రాష్ట్రాలు కదిలొచ్చాయి. నా కాలు ఇరవై ఏళ్ళుగా నొప్పెడుతుంటే ఒక్కడు చూడ్డానికి రాలేదు."

"నీకు వేలు కోస్తే వస్తారేమోలే, పడుకో."

"అది కాదే బెర్నీ. రేపు ఆ కాలు నీకే కనబడిందనుకో. ఏం చేస్తావ్?"

బెర్నిస్ చేతిలో దుంపలు గంధంలా నలిగిపోయాయి.

శనివారం తెల్లారేసరికి సున్నాకి తొమ్మిది డిగ్రీల దిగువన ఉంది. సరస్సు మీంచి గాలి మొహాన్ని కోసేస్తోంది. ఆ చలికి బయటూళ్ళవాళ్ళు ఇంకా ఒక్కరూ గట్టు మీదికి రాలేదు. బెర్నిస్‌తో ఈ ఏటి రెండో కన్ను మారిబెల్ ఒకాసియో. ముప్పై నాలుగేళ్ళ పిల్ల, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. పుట్టింది ప్యూర్టోరికోలో. ఇక్కడికొచ్చి ఆరేళ్ళైనా ఈ చలి తనని పగబట్టిందనే అంటుంది. పెద్దావిడ కదా అని బెర్నిస్‌ని తమ వాడుక ప్రకారం 'దోన్యా' అని పిలుస్తుంది.

"దోన్యా బెర్నీ, నా వేళ్ళు ఉన్నాయో లేదో కాస్త చూసి చెప్తారా? నాకు తెలియడం లేదు."

"ఉన్నాయిలే. కదిలిస్తూ ఉండు. పెన్ను తీయకు, సిరా గడ్డకడుతుంది, పెన్సిల్ పట్టు."

ఏడున్నరకి మారిబెల్ ఇక ఆగలేకపోయింది. ఒంటి మీద నాలుగు పొరల బట్టలు, పొద్దున్నే రెండు కప్పుల కాఫీ. "పెట్రోలు బంకుకి పోయొస్తా, పది నిమిషాలు" అని కారేసుకుని పోయింది. గట్టు మీద బెర్నిస్ ఒక్కతే మిగిలింది. సూర్యుడు అప్పుడే మంచు అంచు మీదికి వచ్చాడు, మడుగు మీద ఆవిరి ఎర్రగా లేచింది.

ఆ ఆవిరిలోంచి స్మ్యూ ఈదుకుంటూ అంచుకి వచ్చింది. వచ్చి, ఒక్క ఉదుటున మంచుగడ్డ మీదికెక్కింది.

బెర్నిస్ ఊపిరి బిగబట్టింది. ఊపిరి వదిలితే టెలిస్కోపు అద్దం మీద మంచు పేరుకుంటుంది. నూట ఇరవై అడుగుల దూరం. బాతు రెక్కలు దులుపుకుంది. ఎడమకాలికి రింగు లేదు. తర్వాత కుడికాలు ఎత్తి తీరిగ్గా చెంప గోక్కుంది. ఎండలో కాలంతా కనబడింది. ముందు మూడు వేళ్ళు, మధ్యలో పొర, వెనక చిన్న వేలు. ఉంది. నిక్షేపంలా ఉంది. రింగు లేదు. అడవి బాతు. హాల్వర్ నెస్ నోట్లో చక్కెర పోసే బాతు.

ఫోన్ తీసింది. చలికి బ్యాటరీ చచ్చి ఊరుకుంది. "నీ మొహం మండ" అని దాన్ని జేబులో కుక్కి, పెన్సిల్ తీసి, చేతి తొడుగు పళ్ళతో లాగి, నోటుపుస్తకంలో కాలు బొమ్మ వేసింది. ఏడు నలభై అని టైము రాసింది. అంతలో మడుగంతా గోల. తెల్లతల గద్ద ఒకటి గోడ మీంచి జారి వచ్చింది. మూడు వేల బాతులు ఒక్కసారి లేచాయి. వాటితో పాటు స్మ్యూ కూడా లేచి, సరస్సు నడిబొడ్డుకి, కనుచూపు మేర దాటి పోయింది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

మారిబెల్ వచ్చేసరికి బెర్నిస్ ఖాళీ నీళ్ళకేసి చూస్తూ నిలబడి ఉంది. పుస్తకం చూపించింది. మారిబెల్ నెత్తి కొట్టుకుంది. "అయ్యో దోన్యా! జన్మకొక్కసారి ఆపుకోలేకపోయానే!"

ఎనిమిదిన్నరకి హాల్వర్ వచ్చాడు. తన సెక్షన్ ఎవరికో అప్పజెప్పి, కారు అడ్డదిడ్డంగా ఆపి, మంచులో జారుతూ వచ్చాడు. బెర్నిస్ పక్కనుంచే పోయి మారిబెల్ని అడిగాడు. "ఉందా?"

"గద్ద వచ్చింది మాస్టారూ. అన్నీ లేచిపోయాయి. నేను బంకు దగ్గరున్నాను. కానీ దోన్యా బెర్నీ..."

బెర్నిస్ బూటుతో ఆ పిల్ల కాలు తొక్కింది.

హాల్వర్ బెర్నిస్ వైపు చూశాడు. ఒక్క మాట అడిగితే చెప్పేదే. ఆమెని దాటి నీళ్ళకేసి చూసి, పెదవి కొరుక్కుని, తిరిగి కారెక్కాడు.

"అడగలేదు చూశావా?" అంది బెర్నిస్. పళ్ళు కటకటలాడాయి, అది చలికి కాదు. "నేనక్కడ కరెంటు స్తంభం అన్నమాట. సరే. సాయంత్రం అడక్క చస్తాడా? అందరి ముందూ అడగనీ."

లెక్క అయ్యాక రాత్రి భోజనం ఏటా లూథరన్ చర్చి కింది హాల్లో. పెద్ద గంగాళంలో కోడి, బీఫ్, క్యాబేజీ కలిపి కాచిన బూయా సూపు, ఎవరింటి నుంచి వాళ్ళు తెచ్చిన వంటకాలు, బ్రాందీ పోసిన కాఫీ. బెర్నిస్ పియెరోగీల పళ్ళెం బల్ల మీద పెట్టేలోపే వార్త హాలంతా పాకింది. మారిబెల్ నోట్లో నువ్వుగింజ నానదు. "కాలు చూసిందట" అన్నది అందరికీ తెలుసు. ఎలా ఉందన్నది మాత్రం, బెర్నిస్ ఒట్టు వేయించుకోబట్టి, ఎవరికీ తెలియదు.

కోట్లు తగిలించే చోట క్లార్క్ డెంజర్ ఆమెని పట్టుకున్నాడు. హాల్వర్ కుర్చీ మీద ఐదేళ్ళుగా కన్నేసినవాడు. కన్నేసినట్టు దాచుకోవడం కూడా రాదు.

"బెర్నీ, వేలు కోసి ఉంది కదూ?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. కోసి ఉందని నువ్వంటే చాలు. ముసలాడి పెంపుడు బాతు కథ రాష్ట్రమంతా చెప్పుకు నవ్వుతారు. వచ్చే ఏడు పుస్తకం నా చేతికొస్తుంది. నీకు రెండో కన్నూ ఉండదు, మూడో కన్నూ ఉండదు. నీ తెల్లసీగల్ కూడా మళ్ళీ చూద్దాం."

"నా మాట ఎవరు నమ్ముతారయ్యా?"

"ఇదైతే అందరూ నమ్ముతారు" అన్నాడు క్లార్క్.

ఆ మాట ఆమెకి ఈటెలా తగిలింది. నిజమే. నిజం చెప్పినప్పుడు నవ్విన ఈ హాలే అబద్ధం చెబితే చప్పట్లు కొడుతుంది. ఒక్క ముక్క, 'లేదు' అంటే చాలు. ఎనిమిదేళ్ళ కడుపుమంట చల్లారుతుంది. వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఆమె మంచి మనిషి కాబట్టి ఆ ఆలోచనే రాలేదని నేను చెప్పను. వచ్చింది. నోరూరేలా వచ్చింది.

హాల్వర్ కళ్ళజోడు సర్ది, పుస్తకం తెరిచి, పేర్లు చదవడం మొదలెట్టాడు. ఒక్కో పక్షి పేరు చదివితే ఒక్కో సెక్షన్ పెద్ద తన సంఖ్య అరుస్తాడు. అరుదైన పక్షైతే మూడు ప్రశ్నలు: ఎన్నింటికి, ఎంత దూరం నుంచి, తోడు ఎవరు. పెద్దబాతులయ్యాయి, హంసలయ్యాయి. ప్రతిసారీ బెర్నిస్ సంఖ్య చెబితే ఆయన మారిబెల్ వైపు తిరిగాడు, మారిబెల్ తలూపింది.

"స్మ్యూ" అన్నాడు హాల్వర్. గంగాళం దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది.

"హార్బరు. ఒకటి" అంది బెర్నిస్.

"ఎన్నింటికి?"

"ఏడు నలభై."

"దూరం?"

"నూట ఇరవై అడుగులు. ఎండ పక్కనుంచి, దాని మీదే."

"తోడు ఎవరు?"

మారిబెల్ ఎర్రబడిపోయింది. "నేను లేను మాస్టారూ. బాత్రూముకి వెళ్ళాను."

హాలంతా నవ్వు. హాల్వర్ నవ్వలేదు. పెన్ను కాగితం మీద నిలబెట్టాడు, కదపలేదు. మూడు ప్రశ్నలైపోయాయి. నాలుగోది రూల్లో లేదు. అయినా అడిగాడు.

"కాలు... కాలేమైనా కనబడిందా?"

బెర్నిస్ ఆయన్ని చూసింది. పక్క బల్ల దగ్గర క్లార్క్ ముందుకు వంగాడు. నోట్లో 'లేదు' అన్న మాట తయారుగా ఉంది. కానీ ఆ పొద్దున ఎండలో గోక్కున్న కాలు కళ్ళముందే ఉంది, ఉన్నదాన్ని లేదనడం ఆమెకి చేతకాలేదు. చేతనైతే బావుండునని కూడా అనుకుంది.

"కనబడింది. కుడికాలు ఎత్తి చెంప గోక్కుంది. వెనకవేలు ఉంది."

"ఉందా!"

హాల్వర్ కుర్చీలోంచి లేచిపోయాడు. "ఉందా? మొత్తం ఉందా? కణుపు దాకా? రింగు?"

"మొత్తం ఉంది. రెండు కాళ్ళకీ రింగు లేదు."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఆ పళ్ళు ఎవరూ చూసి ఎరగరు, అన్నీ బయటపడ్డాయి. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. మారిబెల్ వైపు తిరగలేదు, బొమ్మ చూపించమనలేదు, ఇంకేమీ అడగలేదు. గబగబా పుస్తకంలో ఒకటి వేసేశాడు.

"అదేంటి మాస్టారూ?" క్లార్క్ గొంతు పుల్లగా వచ్చింది. "తోడు లేదు. ఒంటరి సాక్షి. పైగా ఏ సాక్షి! ఈవిడ కంటిని ఆధారం చేసుకోలేమని అచ్చేసింది ఎవరో గుర్తుందా? మీ బాతైతే చెల్లుతుందా?"

"నువ్వాగవోయ్ క్లార్క్" అంది బెర్నిస్. లేచి నిలబడింది. "నేనడుగుతా. మాస్టారూ, నా మాట నమ్మారా?"

హాల్వర్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"నమ్మితే రాసుకోండి, నాకు సంతోషమే. బాతు మంచిది. కానీ దాంతో పాటు నా తెల్లసీగల్ కూడా రాసుకోవాలి. అదే హార్బరు, అదే ఎండ, ఇవే కళ్ళు. ఇవాళ పనికొచ్చిన కళ్ళు ఆ రోజెందుకు పనికిరాలేదు? రెండూ రాయండి, లేదా రెండూ కొట్టేయండి."

హాల్వర్ పుస్తకం వంక చూశాడు, తను వేసిన ఒకటి వంక చూశాడు. నోరు తెరిచాడు. ఒక్క మాట, 'పొరపాటు నాది' అంటే చాలు. జీవితంలో అంతకంటే గొప్ప పక్షి ఆయనకి మళ్ళీ దొరకదు, అది ఆయనకీ తెలుసు. నోరు మూశాడు. మొహంలో రంగు కొద్దికొద్దిగా దిగిపోయింది. బల్ల మీద స్కేలు తీసుకుని, ఒకటి మీద ఆనించి, అడ్డంగా గీత కొట్టాడు.

"ఒంటరి సాక్షి" అన్నాడు. "చెల్లదు."

ఎవరో "అయ్యో" అన్నారు. తన బాతుని తన చేత్తోనే చంపుకున్నాడు ఆ మనిషి.

బెర్నిస్‌కి ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది, తట్టి నిలువునా కదిలించేసింది. ఉంది అనగానే ఆ మొహం వెలిగిన తీరు! నమ్మనివాడి మొహం అలా వెలుగుతుందా? ఆ వెలుగు ఎనిమిదేళ్ళ కింద కూడా చూసింది తను, గట్టు మీద, ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చినప్పుడు. మామూలు సీగల్ కోసం అరవై ఆరేళ్ళ మనిషి మైలు దూరం పరిగెత్తుకొస్తాడా?

"నమ్మావు" అంది. మీరు అనడం దానంతటదే పోయింది. "నువ్వు నన్ను నమ్మావయ్యా. ఇప్పుడు నీ మొహం ఇంతమంది చూశారు. ఆ రోజూ నమ్మావు. నేను నిజం చూశానని తెలిసే కొట్టేశావు. నీకు కనబడలేదని కొట్టేశావు. నేను పిచ్చిదాన్నేమోనని నా కళ్ళనే నేను అనుమానించుకుంటూ ఛస్తుంటే, నీకు తెలుసు!"

హాల్వర్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. కాదని అనలేదు. ఆ హాల్లో ఎవరూ ఆయన కాదనడం వినలేదు. అది చాలు ఆమెకి. మొహం నిండా కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా అలాగే నిలబడింది. సిగ్గేమీ అనిపించలేదు, ఆయన మీద జాలీ కలగలేదు.

"తర్వాత" అన్నాడు హాల్వర్ పుస్తకంలోకి చూస్తూ. "పసుపుకంటి బాతు."

ఒక్క సెక్షన్ పెద్దా నోరు విప్పలేదు. ఉత్తరపు పార్కులవాళ్ళు కప్పుల్లోకి చూసుకున్నారు, నదివాళ్ళు చేతులు కట్టుకున్నారు. క్లార్క్ కూడా నోరెత్తలేదు. హాల్వర్ మళ్ళీ చదివాడు. గొంతు సన్నగా వచ్చింది. మళ్ళీ ఎవరూ పలకలేదు.

"హార్బరు, ఆరువందల నలభై" అంది బెర్నిస్. "రాసుకో. నీ పాపానికి బాతులేం చేశాయి?"

హాల్వర్ రాసుకున్నాడు.